బావి మీద గొంగళ్ళు

గోదారి సాలెవాడ గడపలెక్కి మగ్గం గుంటల్లో చేపలు తిరిగిన ఏడు అది. పోలీసు చర్య జరిగిన పదో ఏడని చదువుకున్నవాళ్ళు లెక్క చెబుతారు గానీ, ధర్మపురికి రెండు కోసుల దిగువనున్న ఆ ఊరివాళ్ళకు ఆ లెక్క అక్కర్లేదు. గుంటల్లో చేపలు పడ్డనాడు పుట్టిండంటారు, చేపలు పడ్డ మరుసటేడు పెండ్లయిందంటారు, అంతే.

ఆ ఏడు బతుకమ్మకు నాలుగు రోజుల ముందు రాయమల్లు తన బిడ్డ నర్మదను పండుగకు తోలుకుపోదామని వచ్చాడు. ఉండేది గోదారి అవతల బెల్లంపల్లిలో. పుట్టింది ధర్మపురి సాలెవాళ్ళలోనే గానీ, పద్దెనిమిదేండ్లప్పుడు మగ్గంలో పేక పోగు నడిపే నాడె పక్కన పెట్టి బొగ్గుబాయి దిగాడు. ఇరవై ఆరేండ్లుగా దిగుతూనే ఉన్నాడు. మాట తక్కువ మనిషి. బాయి కింద నోరు తెరిస్తే దుమ్ము పోతుంది. ఆ అలవాటు పైకొచ్చినా పోలేదు.

వియ్యంకుడు దశరథం ఇంటి ముందుకు రాగానే అరుగు మీద నర్మద రేకుపెట్టె కనబడింది. దాని మీద చాపచుట్ట, పక్కన పెండ్లినాడు పెట్టిన బిందె. బతుకమ్మకు పుట్టింటికి పోయే ఆడపిల్ల చంకలో మూటతో పోతుంది. పెట్టె, చాప, బిందె వేసుకుని ఎవరూ పోరు.

రాయమల్లు వాటి వంక చూసి, చెప్పులు విడిచాడు.

"రా బావా, రా. కాళ్ళు కడుక్కో" అన్నాడు దశరథం. "బిడ్డ తయారుగనే ఉన్నది. పొద్దుగూకంగ ఒక పడవ ఉన్నది, దానికి పోవచ్చు. పండుగ మంచిగ జేస్కోండ్రి. మేం కబురు పెట్టినప్పుడు తోల్కరా."

"కబురు ఎప్పుడు పెడ్తవ్?"

దశరథం గడ్డం గోక్కున్నాడు. "ఎండాకాలం రానీ. పెరట్ల బాయి ఎండినంక సూద్దం."

అల్లుడు రామచంద్రం గోడకానుకుని నిలబడి తన కాళ్ళే చూసుకుంటున్నాడు. నర్మద లోపలినుంచి చెంబుతో నీళ్ళు తెచ్చి తండ్రికిచ్చింది. కండ్లు ఉబ్బి ఉన్నాయి గానీ తల మాత్రం దించలేదు.

"ఏమైంది బిడ్డా?"

నర్మద చెప్పింది. వరద వచ్చిననాడు మగవాళ్ళు పడుగులు, మగ్గం కట్టెలు బండిమీద వేసుకుని, అత్తను కూర్చోబెట్టుకుని మిట్టమీది బడికి పోయారు. రెండో బండికి నర్మద రావాలి. నీళ్ళేమో వాకిట్లోకొచ్చాయి. మట్టిగోడ ఇప్పుడో ఇంకాసేపటికో అన్నట్టుంది. ఇంట్లో అత్త శంకరవ్వ వెండి వడ్డాణం ఉంది, నలభై తులాలది. దాన్ని పట్టుకుని నడుములోతు నీళ్ళలో ఒక్కతీ ఎట్లా పోవాలి? అప్పుడు అత్త ఎన్నోసార్లు చెప్పిన మాట గుర్తొచ్చింది: రజాకార్ల దినాలలో ఇంటి వెండి బంగారమంతా చెంబులో పెట్టి బావిలో వేస్తే ఆర్నెల్లు ఎవడికీ దొరకలేదని. నర్మద కూడా అదే చేసింది. బరువైన చిన్న రాగిచెంబులో వడ్డాణం పెట్టి, మూతికి గుడ్డ కట్టి, మైనం దట్టంగా పూసి, పెరటి బావిలో జారవిడిచింది.

"దొంగలకు జేసిన ఉపాయం గోదారికి జేసింది నీ బిడ్డ" అంది శంకరవ్వ తలుపు చాటునుంచి. "గోదారి ఏమన్న రజాకారా అన్నా, బాయిల దాస్తె సూడకుంట పోనీకె?"

వరద బావి గట్టు మీదినుంచే పారింది. పోయేటప్పుడు ఒండ్రు నింపి పోయింది. ఆ తరవాత రోగాలు రాకూడదని సర్కారు మనుషులొచ్చి బుట్టలకొద్దీ సున్నం కలిపి పోయారు. మూడు వారాలైనా నీళ్ళు తేటపడలేదు. చేదలు తీసే గాలం వేసి గాలించారు. మూతి కట్టిన చెంబు గాలానికి ఎక్కడ తగులుకుంటుంది? బెస్త హనుమండ్లు మూడుసార్లు మునిగి వట్టి చేతులతో తేలాడు. తోడి పారబోద్దామంటే గోదారి పక్కన బావి, ఎంత తోడితే అంత ఊట.

"బాయిల ఉంటె దొర్కకపోవునా?" అన్నాడు దశరథం. "నేనేమంటలేను బావా. ఊరు అంటున్నది. రాయమల్లు ఇంటికి మొన్ననే బెంగుళూరు పెంక ఎక్కిందట గద అని ఊరు అంటున్నది."

రాయమల్లు నీళ్ళు తాగి చెంబు కింద పెట్టాడు. ఆ పెంకులకు బొగ్గుబాయిలో ఎన్ని ఆదివారాలు పోయాయో అతనికి తెలుసు.

"బాయి సూపియ్" అన్నాడు.

బావిలో రెండు నిలువుల నీళ్ళున్నాయి. మిట్టమధ్యాహ్నపు ఎండ నిటారుగా పడుతోంది. ఎంత ఎండ పడితే నీళ్ళు అంత తెల్లగా మెరుస్తున్నాయి, కాగిన పాలమీద మీగడలాగా. లోపలికి జానెడు కూడా చూపు దిగడం లేదు.

రాయమల్లు సంచిలో ఎప్పుడూ మూడు సెల్లుల బ్యాట్రీ లైటు ఉంటుంది. కోమటి దుకాణానికి పోయి పిప్పరమెంట్ల గాజుసీసా అడిగి తెచ్చాడు. బ్యాట్రీ వెలిగించి అందులో పెట్టి, మూతకు మైనం పూసి హనుమండ్లు చేతికిచ్చాడు. సీసాతో మునగబోతే సీసా తేలి, హనుమండ్లునే పైకి లేపింది. గట్టు మీద నవ్వులే నవ్వులు. మూత తీసి సగం ఇసుక నింపి, బయట గుండురాయి కట్టాక మునిగింది.

పది లెక్కపెట్టేలోపు హనుమండ్లు తల బయట పెట్టాడు. "బ్యాట్రీ లేకుంటనె నయముండె మామా! దీపం మొకం ముందల పెట్టుకుంటె పాలగిన్నెల తల ముంచినట్టున్నది. నా చెయ్యి నాకు కనవడ్తలేదు."

"ఇంక పెద్ద దీపం కావాలె" అన్నారెవరో. "పెండ్లిళ్ళ గ్యాసుబత్తి తెస్తె?"

"సూర్యుడే నెత్తిమీదున్నడు. గంతకన్న పెద్ద దీపం మీ తాత తెస్తడా?" అన్నాడు హనుమండ్లు పండ్లు కొరుకుతూ.

దశరథం తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "ఇది బొగ్గుబాయి కాదు బావా. వచ్చి బువ్వ తిను. పడవకు యాళ్ళయితది."

రాయమల్లు బువ్వకు కూర్చోలేదు. మగ్గాల ఇంట్లో చల్లగా ఉంటే పోయి ఒక మూల కూలబడ్డాడు. గుంటల్లో తడి ఇంకా ఆరలేదు. ఒక్క మగ్గమే నడుస్తోంది. పైన పెంకు జరిగిన చోటునుంచి ఎండ ఒక కర్రలాగా లోపలికి దిగుతోంది. దానిలో దూదినలుసులు తేలుతున్నాయి, ఒక్కొక్కటి మిణుగురులాగా. ఆ కర్రకు ఎదురుగా కూర్చుంటే అవతల మగ్గం కానరాలేదు, తెల్లటి తెరే కనబడింది. పక్కకు జరిగాడు. అవతలి మగ్గం, అచ్చు, పోగులతోసహా కనబడింది.

మళ్ళీ ఎదురుగా వచ్చాడు. మళ్ళీ పక్కకు జరిగాడు. మగ్గం నేసేవాడు నాడె ఆపి, ఈ మనిషికి ఎండదెబ్బ తగిలిందేమో అనుకుని చూశాడు.

రాయమల్లుకు బొగ్గుబాయి దిగిన కొత్తలో, బొగ్గు పగలగొట్టే మందుతూటా పేల్చిన తొలినాడు గుర్తొచ్చింది. తూటా పేలి దుమ్ము లేచింది. టోపీ మీద దీపం పెట్టుకుని దుమ్ములోకి నడిచాడు. ముందు తెల్లగోడ. అడుగు పడలేదు. వెనకనుంచి మేస్త్రి బుచ్చిరాములు టోపీ మీద ఒక్కటిచ్చాడు. "నీ కన్ను కాడ దీపముంటె దుమ్మునే సూస్తవ్‌రా. దుమ్మంటె చిన్న చిన్న అద్దం ముక్కలే. నువ్వు పంపిన వెలుగు నీ కండ్లల్లకే ఇసిరిగొడ్తయ్. దీపం ఇప్పి మోకాలి కాడ పట్టు." మోకాలి దగ్గర పట్టాడు. దారి కనబడింది. ఆనాటినుంచి దుమ్ములో దీపం నెత్తిమీద పెట్టుకోలేదు.

సున్నం నలుసులూ అంతే. వెలుగును మింగవు. దొరికింది దొరికినట్టు నలుదిక్కులా విసిరేస్తాయి. వెలుగు తక్కువై కాదు కనబడనిది, ఉండకూడని చోట ఎక్కువై.

లేచి బయటికొచ్చి అల్లుడిని పిలిచాడు.

"రామచంద్రం. గొల్లవాడకు పోయి గొంగళ్ళు తే. నల్లయి. ఆరు."

"గొంగళ్ళా మామా?"

"బాయి మీద కప్పాలె."

ఈసారి వాడకట్టు మొత్తం నవ్వింది. దశరథానికి కూడా నవ్వు ఆగలేదు. "ఎవడన్న ఎతుకుతందుకు దీపం పెడ్తడు గని గొంగడి కప్పుతడా బావా? బొగ్గుల బతికి బతికి చీకటి లేకుంటె నీకు ఊపిరాడ్తలేదా?"

"చీకటి జేస్తెనె కనవడ్తది" అన్నాడు రాయమల్లు. ఆ మాట ఎంత నిమ్మళంగా అన్నాడంటే నవ్వేవాళ్ళు ఒక్క గడియ ఆగారు.

రామచంద్రం అందరికంటే ముందు కదిలాడు. మూడు వారాలుగా నోరు విప్పనివాడు, గొల్ల బాలమల్లు ఇంటినుంచి పరుగున గొంగళ్ళు మోసుకొచ్చాడు. పడుగు సాగదీసే పొడుగు కట్టెలు బావిమీద అడ్డంగా పరిచి, మీద గొంగళ్ళు కప్పారు. మనిషి దిగేంత సందు మాత్రం వదిలి, దాని మీద గోనెతట్టు వేలాడదీశారు. లోపల మాపటివేళ అయింది. పాలలాగా మెరిసే నీళ్ళు నల్లబడ్డాయి.

రాయమల్లు సీసాను ఈసారి అడ్డంగా పడుకోబెట్టి, రెండు కొసలకు తాడు కట్టాడు. వెలుగు నేల వెంబడి పోవాలని. తాడు నర్మద చేతికిచ్చాడు.

"ఎక్కడ ఇడిసినవ్ బిడ్డా?"

"గిలక కింద, గోడ పొంటి."

"దానికి ఎదురుగోడ పక్క దించు. అడుగుకు తాకంగనె ఆపు. జరుపకు."

నర్మద తాడు దించింది. శంకరవ్వ తలుపుచాటు వదిలి బావి దగ్గరికే వచ్చింది.

హనుమండ్లు దిగుతానన్నాడు. రాయమల్లు తల అడ్డంగా ఊపి, అంగీ విప్పి, తానే దిగాడు. చూసే తీరు చెప్పే ఓపిక అతనికి లేదు, చూసే తీరు అతనికి వచ్చు. గోదారి ఒడ్డున పుట్టినవాడికి ఈత చెప్పాల్సిన పనీ లేదు.

మొదటి మునుగులో కండ్లు తెరిచాడు. తన చుట్టూ నలుపు. దూరంగా అడుగున ఒక తెల్లని గుండ్రం, మబ్బుచాటు చందమామలాగా. ఆ వెలుగు తన మొకానికి రావడం లేదు, ముందునుంచి అడ్డంగా పోతోంది. దానిలో ఏదో నల్లగా, వెనక పొడుగాటి నీడతో. చెయ్యి వేశాడు. పగిలిన చేద.

పైకొచ్చి చేదను గట్టు మీదికి విసిరాడు. "కనవడ్తున్నది" అన్నాడు.

"ఏం కనవడ్తున్నది?"

"నీడ."

రెండో మునుగులో తొందరపడ్డాడు. కాలు అడుగుకు తగిలింది. ఒండ్రు, సున్నం ఒక్కసారి లేచి, చందమామ కూడా మాయమైంది. తేలి గోడ రాయి పట్టుకుని వేలాడుతూ దగ్గాడు.

"ఏమైంది బాపు?"

"కదిలిచ్చిన. ఆగాలె. సున్నం కిందికి దిగనీ."

ఆగడమంటే మాటలు కాదు. నీళ్ళలో వేలాడుతుంటే చలికి పండ్లు కొట్టుకుంటున్నాయి. పైన ఎండ వాలుతున్న సంగతి గొంగళ్ళ సందుల్లో తెలుస్తోంది. రేవు దగ్గర పడవవాడు వేసిన మొదటి కేక వినబడింది.

"బావా, పడవ" అన్నాడు దశరథం.

"పోనీ."

"రేపు మళ్ళ పొద్దుగూకేదాక పడవ లేదు."

"నీ ఇంట్ల బువ్వ లేదా?"

గట్టు మీద ఎవరో కిసుక్కున నవ్వారు. నర్మద తాడును రెండు చేతులా పట్టుకునే ఉంది. రామచంద్రం ఆమె పక్కకు వచ్చి, తాడు కొస తన చేతికి చుట్టుకున్నాడు. ఆమె వద్దనలేదు.

నీళ్ళలో తెల్లదనం ఒక్కో పొరగా దిగింది. రాయమల్లుకు అది తొందరపడని పని అని తెలుసు. దుమ్ము అంతే, నువ్వు అరిస్తే దిగదు, నువ్వు కదలకుంటే దిగుతుంది. చందమామ మళ్ళీ కనబడ్డాక గుండెనిండా ఊపిరి పీల్చి, తలకిందుగా, కాళ్ళు పైకి పెట్టి దిగాడు. అడుగుకు జానెడు పైన ఆగి, గోడరాయి ఒక చేత్తో పట్టుకున్నాడు.

అడుగంతా అలికిన వాకిలిలాగా తెల్లగా, చదునుగా ఉంది. పైనుంచి వెలుగు పడితే ఆ చదునులో ఏదీ ఉన్నట్టే ఉండదు. పక్కనుంచి పడుతున్న వెలుగులో ప్రతి పెల్లకూ నీడ ఉంది. ఒక రాయి, దాని నీడ. ఒక పుల్ల, దాని నీడ. గిలక కింద, గోడ మూలకు, నున్నగా గుండ్రంగా ఒక చిన్న ఉబ్బు. దాని నీడ మాత్రం రాయి నీడ కాదు. మెడ ఉన్న నీడ.

ఊపిరి అయిపోతోంది. వేళ్ళు ఒండ్రులోకి పోనిచ్చి మెడ పట్టి పెరికాడు. లోకం మళ్ళీ పాలలా తెల్లబడింది. అయితే కానీ. చేతిలోది చేతిలోనే ఉంది.

గొంగడి పక్కకు నెట్టుకుని రాయమల్లు తల బయటికొచ్చింది, వెంట చెయ్యి, చేతిలో చెంబు. మొకమంతా సున్నం. పండ్లు మాత్రమే కనబడుతున్నాయి.

"బొగ్గోడు తెల్లగయిండు!" అన్నాడు హనుమండ్లు. ఈసారి నవ్వు వేరే తీరుగా ఉంది.

దశరథం చెంబు అందుకోబోయాడు. రాయమల్లు అతని చేతికివ్వలేదు. తడిబట్టలతోనే నడిచి శంకరవ్వ ముందు పెట్టాడు.

"నువ్వు ఇప్పు చెల్లె."

శంకరవ్వ కొడవలి మొనతో మైనం గీకి, గుడ్డ విప్పింది. వడ్డాణం చుట్టచుట్టుకుని ఉన్నది ఉన్నట్టే ఉంది. చేతిలోకి తీసుకుని ఒక్కో పట్టీ తడిమింది. తరవాత చెంబును మళ్ళీ ఊపి చూసింది. లోపల ఇంకేదో గలగలమంది. బోర్లించింది. అరచేతిలో చిన్న వెండి సున్నపుకాయ పడింది, ఆకువక్కల పెట్టెలోది. ఆమె తల్లి ఇచ్చినది.

"ఇది గోదారిల పోయిందనుకుంటి గద" అంది శంకరవ్వ. "వడ్డాణం అంటె సరే. దీన్నెందుకు పెట్టినవే పిల్లా?"

"పొద్దున లేవంగనె నువ్వు ముందుగాల అడిగేది అదే గద అత్తమ్మా."

"చెప్పకపోతివి?"

"వడ్డాణం సంగతే నమ్మకపోతిరి. దీని సంగతి ఎవలు నమ్ముతరు?"

శంకరవ్వ సున్నపుకాయ మూత తీసి వేలు పెట్టింది. లోపల సున్నం ఇంకా మెత్తగానే ఉంది. ఆ వేలు కొంగుకు తుడుచుకుని, కోడలి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. రేవులో పడవవాడు ఆఖరి కేక వేసి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం దశరథం పీటలు వేయించి కోడిని కోయించాడు. కల్లుముంత తెచ్చి వియ్యంకుడి ముందు పెట్టాడు.

"బావా. పోగు తెగితె మేం గూడ దీపం పక్కకు పెట్టే అతుకుతం. ఎదురుంగ పెడితె పోగు కనవడది. ముప్పయేండ్ల సంది జేస్తున్న. బాయి కాడ నాకు మతికి రాలే సూడు."

"మతికి రాదు" అన్నాడు రాయమల్లు. "ముందుగాల్నె ఒకటి అనుకుంటివి గద."

దశరథం ఇంకో ముక్క అతని విస్తట్లో వేశాడు.

మరునాడు పొద్దున రాయమల్లు అందరికంటే ముందు లేచాడు. గొంగళ్ళు దులిపి, మడిచి, బాలమల్లు ఇంట్లో ఇచ్చి, అటునుంచి అటే చాటింపు వేసే వెంకటి గుడిసెకు పోయాడు. తన పొగాకు సంచి అతని చేతిలో పెట్టి, ఏం చాటాలో చెప్పాడు. జన్మలో అంత పొడుగు మాట చెప్పడం అదే మొదలు. డప్పు వేడి చేసుకుని వెంకటి సాలెవాడ మొదటి ఇంటి దగ్గర నిలబడేసరికి దశరథం ఉరికి వచ్చాడు.

"అయిపోయింది గద బావా. ఊరందరికి చాటుడెందుకు? ఇజ్జత్ పోతది."

"ఊరందరికి ఎర్కైనప్పుడు డప్పు లేకుంటనె ఎర్కాయె గద. ఇప్పుడు డప్పుతోని ఎర్క గానీ. నువ్వు గూడ రా."

వెంకటి మొదలుపెట్టాడు. "ఇనుండ్రయ్యా ఇనుండ్రి! దశరథం ఇంటి ఎండి వడ్డాణం బాయిల దొర్కింది! కోడలు నర్మద దాచింది దాచినట్టె ఉన్నది! రాయమల్లు పెంకుల కింద లేదు, బాయి అడుగున ఉండె! ఇనుండ్రయ్యా!"

వెంకటి ముందు, వెనక రాయమల్లు, అతని వెనక దశరథం. సాలెవాడ, గొల్లవాడ, రేవు దాకా పోయి, ఒక్క గడప వదలకుండా తిరిగి వచ్చారు. నాలుగో ఇంటి దగ్గరినుంచి దశరథమే, వెంకటి మరిచిన మాటలు అందించాడు.

పడవకు ఇంకా పొద్దుంది. రాయమల్లు అరుగు మీద నిన్నటినుంచి ఉన్న బిందె తీసి వంటింట్లో పెట్టాడు. చాపచుట్ట దాని చోట పెట్టాడు. రేకుపెట్టెను భుజాన ఎత్తి, వంగి గడప దాటి, నర్మద గదిలో గోడకు ఆనించి దించాడు. పెట్టె కింద ఎలుక దూరకుండా రెండు ఇటుక ముక్కలు పెట్టాడు. తరవాత బయటికి వచ్చి చేతులు దులుపుకున్నాడు.

"రెండు చీరలు మూట కట్టుకో బిడ్డా" అన్నాడు. "పండుగకు పోదాం."